ఇల్లు కట్టే డబ్బు ఎవరి ఖాతాలో పడాలి: ఉత్తర శ్రీలంక నేర్పినది

సంపాదకులకు నమస్కారం.

యుద్ధంతో కూలిన దేశాల పునర్నిర్మాణానికి ఎంత డబ్బు కావాలన్న లెక్కలు కొంతకాలంగా పత్రికల్లో తరచూ కనిపిస్తున్నాయి. గాజాకు 5,300 కోట్ల డాలర్లు, ఉక్రెయిన్‌కు 52,400 కోట్ల డాలర్లు అవసరమని 2025 ఫిబ్రవరిలో వచ్చిన అంచనాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. అంత డబ్బు ఏ దారిన ఊళ్లోకి చేరుతుంది, చేరాక ఎక్కడ ఆగిపోతుంది అన్నది మాత్రం చర్చకు రావడం లేదు. దీనికి జవాబు వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. మన ప్రభుత్వమే, మన పన్నుల డబ్బుతో, పక్కనే ఉన్న శ్రీలంకలో 50 వేల ఇళ్ల పథకం నడిపింది. గృహనిర్మాణ పథకాల్లో పనిచేసి విరమించిన ఇంజనీర్లుగా ఆ పథకం గురించి కొంత వివరంగా రాస్తున్నాం. సహాయం కుటుంబం ఖాతాలోకే నేరుగా వెళ్లాలన్నది మా గట్టి అభిప్రాయం. అయితే డబ్బు వేసి చేతులు దులుపుకుంటే ఆ కుటుంబం అప్పుల్లో కూరుకుపోతుంది. రెండూ అక్కడ రుజువయ్యాయి.

శ్రీలంకలో యుద్ధం 2009 మేలో ముగిసింది. 2010 జూన్‌లో భారత్ 50 వేల ఇళ్లు ప్రకటించింది. మొత్తం ఖర్చు సుమారు 1,372 కోట్ల రూపాయలు. మొదటి వెయ్యి ఇళ్లను ఏజెన్సీకి అప్పగించి కట్టించారు. 2010 నవంబరులో మొదలైన ఆ వెయ్యి 2012 జులైకి గానీ పూర్తికాలేదు. ఆ తర్వాత పద్ధతి మార్చారు. 2012 అక్టోబరు 2న మొదలైన రెండో దశలో ఉత్తర, తూర్పు రాష్ట్రాల్లో 45 వేల ఇళ్లను యజమానులే కట్టుకున్నారు. కొత్త ఇంటికి 5.5 లక్షల శ్రీలంక రూపాయలు, మరమ్మతుకు 2.5 లక్షలు, నాలుగు దశల్లో నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలో పడ్డాయి. అప్పటి మారకంలో 5.5 లక్షలంటే మన రూపాయల్లో 2.3 లక్షల దాకా. సాంకేతిక సాయం, తనిఖీ బాధ్యత ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం, రెడ్‌క్రాస్ సమాఖ్య, హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ, శ్రీలంక జాతీయ గృహనిర్మాణ అభివృద్ధి సంస్థ పంచుకున్నాయి.

ఇది మన పాఠకులకు కొత్తేమీ కాదు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు నాలుగు దశల్లో ఇచ్చేదీ ఇదే తీరు. కానీ మన ఊళ్లో సిమెంటు దుకాణం ఉంటుంది, మేస్త్రి ఉంటాడు, పాస్‌బుక్కు ఉంటుంది, పక్కింటివాళ్లు ఉంటారు. కిళినొచ్చి, ముల్లైత్తీవు జిల్లాలకు జనం తిరిగొచ్చేసరికి వీటిలో ఒక్కటీ సరిగ్గా లేదు. చాలా ఊళ్లలో మందుపాతరలు తీశామన్న ధ్రువపత్రం వచ్చేదాకా ముగ్గు పోయడానికే వీల్లేదు. ఆ పనికి మన దేశం ఏడు బృందాలను పంపింది.

ముగ్గు పోసే రోజు గురించే ముందు చెప్పాలి. నమూనా ఇల్లు 550 చదరపు అడుగులు: రెండు పడకగదులు, ఒక హాలు, వంటిల్లు, మరుగుదొడ్డి. ఇల్లు మంజూరు కాగానే చాలా కుటుంబాలు 700, 800 అడుగులకు ముగ్గు పోయించుకున్నాయి. వాళ్లను తప్పుపట్టలేం. జాఫ్నా ప్రాంతంలో ఇల్లు కూతురికి కట్నంగా వెళ్లే ఆస్తి. పదిసార్లు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిన కుటుంబం, కట్టేదేదో ఒకేసారి కట్టుకోవాలనుకుంటుంది. ఇల్లు పెద్దదైతే పునాది దగ్గర ఖర్చు అంతగా పెరగదు. 550 అడుగుల ఇంటికి గోడల పొడవు లోపలివీ బయటివీ కలిపి 145 అడుగుల దాకా వస్తే, 750 అడుగులకు అది 175 దాటదు. అందుకే పునాది కష్టపడైనా పూర్తవుతుంది. గోడలు నగలు తాకట్టు పెట్టి లేపుతారు. అసలు బరువు పైకప్పు దగ్గర పడుతుంది. కప్పు వైశాల్యం ఇంటితో సమానంగా పెరుగుతుంది కాబట్టి వాసాలు, పెంకులు, వడ్రంగి కూలీ అన్నీ మూడో వంతుకు పైగా పెరుగుతాయి. అక్కడికి చేతిలో డబ్బు ఉండదు. పైకప్పు పడితే గానీ తర్వాతి విడత రాదు. ఇక ఆ ఇల్లు మొండిగోడలతో ఈశాన్య రుతుపవనాల వానలో నానుతుంది.

దీనికి మందు ముగ్గు పోసే రోజునే ఉంది. సాంకేతిక సహాయకుడు టేపు పట్టుకుని ఆ రోజు అక్కడ ఉండాలి. పునాది అయ్యాక కొలతకు వచ్చి పెద్దదైందని బిల్లు ఆపితే ప్రయోజనం లేదు, కుటుంబానికి శిక్ష తప్ప. మొదట 550 అడుగులు కప్పుతో సహా ముగించేలా, తర్వాత పెంచుకునే వైపు ముందే గుర్తుపెట్టేలా ప్లాను గీయాలి. ఆ వైపు గోడ చివర ఒక వరుస విడిచి ఒక వరుస సగం ఇటుక బయటికి వదలాలి. ప్లింత్ బీములో, అంటే పునాది పైన గోడల కింద వేసే కాంక్రీటు పట్టీలో, 10 మిల్లీమీటర్ల ఊచలను కనీసం 50 సెంటీమీటర్లు బయటికి ఉంచి, వాటిని పలచని సిమెంటు కాంక్రీటుతో కప్పేయాలి. సముద్రపు గాలి తగిలే చోట ఊచలు ఊరికే వదిలేస్తే రెండు మూడేళ్లలో తుప్పు పట్టి అతుకుకు పనికిరావు. ఈ చిన్న పని చేస్తే కుటుంబం ఆశా తీరుతుంది, పైకప్పూ ఆగదు.

పునాది లోతు కూడా అంతటా ఒకటే పెట్టకూడదు. జాఫ్నా ద్వీపకల్పంలో రెండడుగులు తవ్వితే చాలాచోట్ల సున్నపురాయి తగులుతుంది. మన్నారు దగ్గర మురుంకన్‌లో మన నల్లరేగడి లాంటి నేల, ఎండకు పగిలి వానకు ఉబ్బుతుంది. అక్కడ పునాదిని పగుళ్ల లోతు దాటించి, చుట్టూ ప్లింత్ బీము తప్పనిసరిగా వేసి, గోడ వారన నీరు నిలవకుండా మూడడుగుల గచ్చు చేయాలి. ఒకే డ్రాయింగు, ఒకే అంచనా రెండు చోట్లకూ పంపితే మురుంకన్ కుటుంబం తన జేబు నుంచి పెట్టుకోవాల్సిందే.

ఇక సామగ్రి. పెంకుల కప్పు, ఆరంగుళాల సిమెంటు దిమ్మెల గోడలతో ఈ ఇంటికి, దిమ్మెల తయారీతో కలిపి మా లెక్కలో 140 నుంచి 160 బస్తాల సిమెంటు, 1,300 పైన దిమ్మెలు, 1,100 నుంచి 1,200 పెంకులు పడతాయి. ఇసుక, రాతిపొడి కలిపి పది క్యూబులు. అక్కడ క్యూబు అంటే 100 ఘనపుటడుగులు. దీన్ని 45 వేలతో గుణించి చూడండి. ఒకే ప్రాంతంలో ఒకేసారి అందరి ఖాతాల్లో డబ్బు పడితే ఇసుక లారీ ధర, మేస్త్రి రోజు కూలీ రెండూ ఎగబాకుతాయి. ఇసుకకు గనుల శాఖ అనుమతి కావాలి, కలప రవాణాకు అటవీ అనుమతి కావాలి, దూలాలకు తాటిచెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. కుటుంబం ఒక్కటే ఈ కార్యాలయాలన్నీ తిరిగితే ఒక్కో కాగితానికి వారాలు పడుతుంది. ఊరి గృహ సంఘం పేరుతో యాభై ఇళ్లకు ఒకే దరఖాస్తు పెట్టి, ఒకే లారీ ఒప్పందం చేసుకుంటే ధరా తగ్గుతుంది, తూకంలో మోసమూ తగ్గుతుంది. తలుపు చట్రాలు, కిటికీ చట్రాలు ఊళ్లోనే సిమెంటుతో పోతపోసుకున్నచోట కలప కొరత చాలావరకు తీరింది.

దిమ్మెల గురించి ఒక హెచ్చరిక. గిరాకీ పెరగ్గానే రోడ్డు పక్కన దిమ్మెల యంత్రాలు పుట్టుకొస్తాయి. బస్తాకు 25, 30 దిమ్మెలు తీయాల్సిన చోట 45 తీస్తారు. పొద్దున పోసి సాయంత్రానికి ఎండలో పెట్టి మూడో రోజుకు అమ్మేస్తారు. నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే మంచి దిమ్మె అంచు చితికినా ముక్కలు కాదు, నాసిదైతే పొడిపొడిగా విడిపోతుంది. ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. కొనే ముందు ప్రతి లోడులో నాలుగు దిమ్మెలు ఇలా చూసుకోవడం ఇంటి ఆడవాళ్లకు నేర్పితే చాలు, ఎందుకంటే కట్టే చోట పగలంతా ఉండేది వాళ్లే. కొన్న దిమ్మెలను కనీసం ఏడు రోజులు, వీలైతే పద్నాలుగు రోజులు తడపాలి. సిమెంటు కలపడానికే 4 నుంచి 5 వేల లీటర్ల నీళ్లు కావాలి, తడపడానికి దానికి మూడు నాలుగు రెట్లు. జులై, ఆగస్టుల్లో బావులు ఎండే వన్ని ప్రాంతంలో (జాఫ్నా ద్వీపకల్పానికి దక్షిణాన ఉన్న ఉత్తర జిల్లాలు) ఈ నీటికి అంచనాలో ఒక పద్దు పెట్టకపోతే తడపడమే మానేస్తారు. పైకి కనిపించదు గానీ గోడ బలం అక్కడే పోతుంది.

కాలం లెక్క కూడా ముఖ్యం. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనవరిలో ముగ్గు పోస్తే సెప్టెంబరు లోపు పెంకులు ఎక్కాలి. అయితే జనవరి నుంచి మార్చి దాకా ‘మహా’ అనే వానాకాలపు వరి పంట కోతలు, కూలీలు దొరకరు. ఈ రెంటి మధ్య దొరికే ఐదారు నెలలకు సరిపడేలా విడతలు రావాలి. దాత దేశపు బడ్జెట్ సంవత్సరాన్ని బట్టి అక్టోబరులో మొదటి విడత వేస్తే ఆ డబ్బు తవ్విన గుంతలోనే వాననీటితో కలిసి పోతుంది. విత్తనాలకూ ఇదే వర్తిస్తుంది. తిరిగొచ్చిన రైతులకు భారత్ 95 వేల వ్యవసాయ పనిముట్ల సంచులు, 500 ట్రాక్టర్లు ఇచ్చింది. ఇలాంటివి దుక్కికి ముందు చేరితేనే పంట, తర్వాత చేరితే ఏడాది ఆగాలి. ట్రాక్టరుతో పాటు ఊళ్లో ఒక మెకానిక్కు, మొదటి రెండేళ్ల విడిభాగాలు ఉన్నాయో లేదో చూడాలి.

మాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం అప్పు. విడత ఎప్పుడిస్తారు? పని పూర్తయ్యాక, కొలత అయ్యాక. మరి ఆ దశ కట్టడానికి డబ్బెక్కడిది? సిమెంటు దుకాణంలో అరువు, నగల తాకట్టు, ఆపైన వారంవారం కిస్తీ కట్టించుకునే సూక్ష్మరుణ సంస్థలు. దానికి తోడు 5.5 లక్షలతో ఆ ఇల్లు పూర్తి కావడం చాలా కుటుంబాలకు కష్టమైంది. ఇంటిల్లిపాదీ కూలిపని చేసినా ఎంతో కొంత పైన పెట్టుకోవాల్సి వచ్చింది. ఇదే పథకం తర్వాతి దశల లెక్క చూడండి: కొండ ప్రాంతపు తేయాకు తోటల్లో కట్టిన మూడో దశ ఇళ్లకు ఇంటికి 9.5 లక్షల శ్రీలంక రూపాయలు ఇచ్చారు, అక్కడే ఇప్పటి నాలుగో దశకు 28 లక్షలు. కొండపైకి సామాను మోయించే ఖర్చు ఎక్కువన్నది నిజమే. కానీ పెరుగుదలలో పెద్ద భాగం ధరలదే. 2012 చివర డాలరుకు 130 పక్కన ఉన్న శ్రీలంక రూపాయి 2022లో 360కి పడింది. యుద్ధం నుంచి లేచే దేశంలో ధరలు ఇలాగే ఉంటాయని ముందే అనుకుని ఒప్పందం రాయాలి. సిమెంటు, ఇసుక, ఊచలు, పెంకులు, మేస్త్రి కూలీ, ఈ ఐదింటి స్థానిక ధరను మూడు నెలలకోసారి తీసి, ఇంకా చెల్లించని విడతలను ఆ మేరకు పెంచే నిబంధన ఒక పేజీలో పడుతుంది.

విడతను పనికి ముందే ఇవ్వాలి. పునాది డబ్బు పునాదికి ముందు, గోడల డబ్బు గోడలకు ముందు. కొలత తర్వాతి విడతకు తాళం చెవిగా ఉంటే చాలు. దుర్వినియోగం జరగదా అని అడుగుతారు. కొంత జరుగుతుంది. కానీ వెయ్యి కుటుంబాల్లో కొన్ని ఎగ్గొడతాయేమోనని మిగతా అందర్నీ వడ్డీ వ్యాపారి దగ్గరికి పంపడం న్యాయం కాదు. కొలతకూ చెల్లింపుకూ మధ్య ఏడు రోజులు దాటకూడదన్న గడువు కూడా ఒప్పందంలోనే ఉండాలి. ఆ ఏడు దాటితే మేస్త్రి మరో ఇంటికి వెళ్లిపోతాడు, మళ్లీ నెలకు గానీ దొరకడు. ఉత్తరాన మహిళలు సూక్ష్మరుణాల్లో ఎంతగా చిక్కుకున్నారంటే, 2018లో శ్రీలంక ప్రభుత్వం కరవు జిల్లాల్లో లక్ష రూపాయల లోపు రుణాలు రద్దు చేయాల్సి వచ్చింది. ఆ అప్పులన్నీ ఇళ్లవి కావు. కానీ ఇంటి సాయం ఆ గొయ్యిని పూడ్చాల్సింది పోయి, కొన్నిచోట్ల లోతు చేసింది.

కాగితాల సంగతి. ఉత్తరాన చాలా భూములు ప్రభుత్వం పర్మిట్ కింద ఇచ్చినవి, పర్మిట్ ఎక్కువగా భర్త పేరున ఉంటుంది. భర్త యుద్ధంలో తప్పిపోయాడు. చనిపోయాడని ఆమె ఒప్పుకోదు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. మరణ ధ్రువపత్రం తీసుకోని ఆమెకు భూమి మారదు, ఖాతా కుదరదు. తప్పిపోయినవారికి మరణపత్రం బదులు ‘గైర్హాజరీ ధ్రువపత్రం’ ఇచ్చే చట్టం 2016లో గానీ రాలేదు. అప్పటికే ఇళ్లలో చాలా భాగం అయిపోయాయి. సాయం చేసే దేశం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: తప్పిపోయినవారి భార్య సంతకం ఈ దేశంలో చెల్లుతుందా? లేకపోతే తాత్కాలిక నివాస పత్రం మీదే ఇల్లు మంజూరు చేసి, పట్టా సంగతి తర్వాత తేల్చుకునే వెసులుబాటు ముందే రాయించుకోవాలి. లబ్ధిదారుల జాబితాను గ్రామ నిలధారి (అక్కడి గ్రామ అధికారి) కార్యాలయం గోడకు అంటించి అభ్యంతరాలకు గడువు ఇవ్వడం మంచి పద్ధతి. అయితే భూమే లేనివాళ్లు ఆ జాబితాలోకి ఎక్కనే ఎక్కరు. వాళ్ల పేర్లతో రెండో జాబితా కూడా ఆ గోడ మీదే ఉండాలి.

మరుగుదొడ్డి, బావి గురించి రెండు మాటలు. జాఫ్నా ద్వీపకల్పంలో ఏడాదంతా పారే నది లేదు, తాగేది బావినీరే. సున్నపురాయిలో పగుళ్లు ఎటు పోతాయో పైనుంచి తెలియదు. బావికీ మరుగుదొడ్డి గుంతకూ మధ్య మామూలుగా చెప్పే 15 మీటర్ల దూరం అక్కడ భరోసా ఇవ్వదు. గుంత అడుగు మూసిన రెండు అరల సెప్టిక్ ట్యాంకు, దాని నీరు ఇసుక పొర గుండా వడకట్టి వదలడం తప్పనిసరి. ఇది ఒట్టి గుంత కంటే ఖర్చు కాబట్టి చివరి విడతలో కోత పడేది దీనికే. రంగులు తగ్గినా ఫర్వాలేదు, దీన్ని మూడో విడతలోకి జరపాలి. ఇక పాత బావి తిరిగి వాడాలంటే, ముందు మందుపాతరల బృందం అడుగు వెతకాలి. తర్వాత నీరు తోడి, బురద తీసి, క్లోరిన్ వేయాలి. సముద్రం దగ్గర బావిని పెద్ద మోటారుతో ఒక్కసారిగా తోడితే ఉప్పునీరు పైకి లేస్తుంది. చిన్న మోటారుతో విడతలుగా తోడాలి.

ఇంత తలనొప్పి ఎందుకు, రెడీమేడ్ ఇళ్లు దించేస్తే పోలేదా అనేవాళ్లున్నారు. అదీ ప్రయత్నించారు. 2015, 2016ల్లో శ్రీలంక ప్రభుత్వం ఉత్తర, తూర్పు ప్రాంతాలకు 65 వేల ఉక్కు ఇళ్ల పథకం తలపెట్టింది. ఇంటికి సుమారు 21 లక్షల శ్రీలంక రూపాయలు. అదే డబ్బుతో రెండు దిమ్మెల ఇళ్లు లేచేవి. ఉప్పుగాలికి తుప్పు, ఎండకు వేడి, కట్టెల పొయ్యి పొగ పోయే దారి లేకపోవడం, తర్వాత ఒక గది పెంచుకోవాలంటే ఊరి మేస్త్రికి చేతకాకపోవడం, ఇవన్నీ అక్కడి ఇంజనీర్లే ఎత్తిచూపారు. చివరికి ఆ పథకం పక్కకు పోయింది. అలాంటి ఇంట్లో పెట్టే రూపాయిలో ఊరి మేస్త్రికీ వడ్రంగికీ దిమ్మెల కూలీకీ దక్కేది ఏమీ ఉండదన్నది మాకు ఇంకా పెద్ద అభ్యంతరం.

యజమాని పద్ధతి అన్నిటికీ కుదరదు, ఆ మాట కూడా చెప్పాలి. 1990లో ఆగిపోయిన జాఫ్నా రైలు 2014 అక్టోబరులో మళ్లీ నడిచింది. పట్టాలు, స్లీపర్లు ఊడబెరికి బంకర్లకు వాడేయడంతో మొత్తం లైను కొత్తగా వేయాల్సి వచ్చింది, అది కాంట్రాక్టు సంస్థ పనే. కానీ దానికి భారత్ ఇచ్చింది ఉచితం కాదు, అప్పు. గ్రాంటునూ రుణాన్నీ కలిపి ‘సహాయం’ అని ఒకే అంకె వేసే అలవాటు పత్రికలు మానుకోవాలని మా విన్నపం. 2022 ఏప్రిల్‌లో అప్పులు కట్టలేమని చేతులెత్తేసిన దేశానికి ఆ తేడా చాలా పెద్దది. ఇంకో మంచి ఉదాహరణ, మన హైదరాబాదుతో ముడిపడినది, 1990 అనే ఫోన్ నంబరుతో నడిచే అక్కడి అంబులెన్సులు. మన 108 నడిపిన సంస్థే, భారత్ గ్రాంటుతో 2016లో అక్కడ మొదలుపెట్టింది, 2018లో ఉత్తర రాష్ట్రానికీ చేరింది. అదే ఏడాది ప్రత్యేక చట్టంతో అక్కడి ఫౌండేషన్ చేతికి వెళ్లింది. బండ్లతో పాటు మొదటి ఏడాది నడిపే ఖర్చు, తర్వాత జీతాలెవరు ఇస్తారన్న సంగతి తేల్చుకున్నారు కాబట్టే అవి ఇప్పటికీ తిరుగుతున్నాయి.

విదేశాంగ శాఖలో 2012 నుంచి అభివృద్ధి భాగస్వామ్య విభాగం ఉంది. రేపు మరో దేశంలో ఇళ్లు కట్టించే ఒప్పందం దాని బల్ల మీదికే వస్తుంది. ఉత్తర శ్రీలంక ఇళ్ల డ్రాయింగులు, నేలను బట్టి మార్చిన పునాది కొలతలు, సామగ్రి పట్టికలు ఆ విభాగం ప్రజల ముందు పెట్టాలి. వాటితో పాటు 45 వేల ఇళ్లలో ఏ జిల్లాలో ఎన్ని ఏ దశలో ఆగాయి, ఎన్ని నెలలు ఆగాయి, ఆగడానికి డబ్బు కారణమా ఇసుకా కాగితమా వానా అన్న పట్టిక కూడా ఇవ్వాలి. ప్రతి విడతకూ కొలత పుస్తకాలు రాశారు కాబట్టి ఆ సమాచారం ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

ఇట్లు,
గృహనిర్మాణ పథకాల్లో పనిచేసి విరమించిన కొందరు సివిల్ ఇంజనీర్లు,
విజయవాడ, వరంగల్